ప్లగిన్ – పెట్టాలా, పీకెయ్యాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే చోట ముడిపడ్డాయి. ఏదో పేజీ తెరిస్తే "ఇది చూడాలంటే ఇంకోటి ఇన్‌స్టాల్ చేసుకోండి" అంటుంది. చేసుకోవాలా, వద్దా? జవాబుల్లోకి వెళ్లే ముందు రెండు మాటలు వేరు చేసుకుందాం. ప్లగిన్ అంటే బ్రౌజర్‌కు బయటి నుంచి తగిలించే విడి ప్రోగ్రాం. వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు, వీడియోలు ఆడించిన ఫ్లాష్, జావా, సిల్వర్‌లైట్ ఈ కోవలోవి. ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్ లోపలే, బ్రౌజర్ ఇచ్చిన అనుమతులతో నడిచే చిన్న కోడ్. దుకాణంలో రెండింటినీ "ప్లగిన్" అనే అంటారు కానీ, రెండింటితో వచ్చే తిప్పలు వేరు.

ప్రశ్న: మా హైస్కూలుకు 2008 ప్రాంతంలో వచ్చిన సైన్స్ సీడీలను కంప్యూటర్లోకి ఎక్కించాం. కొన్ని డబుల్ క్లిక్ చేయగానే నడుస్తున్నాయి. కొన్ని బ్రౌజర్‌లో తెరుచుకుని, ప్లగిన్ లేదంటున్నాయి. ఒకదాంట్లో తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు. పాత ఫ్లాష్ ప్లేయర్ ఎక్కడైనా దొరికితే వేసుకోవచ్చా?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, జనగామ

పాత ప్లేయర్ జోలికి వెళ్లకండి మేడమ్. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మంగళం పాడేసింది. చివరి వెర్షన్లలోనే తేదీ చూసుకునే ఏర్పాటు పెట్టి, 2021 జనవరి 12 నుంచి అవి ఏ ఫైలునూ ఆడించకుండా కట్టేసింది. ఆ నెలలోనే వచ్చిన క్రోమ్ 88, ఫైర్‌ఫాక్స్ 85 ఫ్లాష్‌ను పూర్తిగా తీసేశాయి. కాబట్టి ప్లేయర్ సంపాదించినా, దాన్ని తగిలించే సాకెట్ ఇప్పటి బ్రౌజర్‌లో లేదు. పైగా ఇవాళ ఫ్లాష్ ఇస్తామనే సైట్లలో దిగేది ఫ్లాషో, ఫ్లాష్ వేషం కట్టిన వైరసో ఎవరు చెప్పగలరు?

ముందు సీడీలో ఏముందో చూడండి. ఫైలు పేరు చివర ఈఎక్స్‌ఈ ఉంటే అది సాధారణంగా ప్రొజెక్టర్ అనే రకం ఫైలు. పాఠం, దాన్ని ఆడించే ప్లేయర్ రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి, బ్రౌజర్‌తో పని లేదు. 32 బిట్ ప్రొజెక్టర్లు విండోస్ 10, 11లో ఇప్పటికీ మామూలుగా నడుస్తాయి. మీకు డబుల్ క్లిక్‌తో తెరుచుకుంటున్నవి ఇవే, వాటిని కదపకండి. ఒకసారి వైరస్ స్కాన్ మాత్రం చేయించండి. స్కూలు సీడీలంటే ఎన్ని పెన్‌డ్రైవ్‌లు తిరిగొచ్చి ఉంటాయో మీకు తెలియనిది కాదు.

చివర ఎస్‌డబ్ల్యూఎఫ్ ఉన్నవాటికి రఫుల్ అనే ఉచిత ప్రోగ్రాం సరిపోతుంది. ఇది ఫ్లాష్ చేసే పనిని కొత్తగా రాసిన ఎమ్యులేటర్. అడోబీ కోడ్‌తో సంబంధం లేదు. పాత వెబ్ పేజీలు, పుస్తకాలు భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరు నుంచి తన దగ్గరి ఫ్లాష్ ఫైళ్లను దీంతోనే ఆడిస్తోంది. తరగతి గదికి డెస్క్‌టాప్ వెర్షన్ తీసుకోండి. జిప్ విప్పి, రఫుల్ తెరిచి, ఫైల్ మెనూలో పాఠాన్ని ఎంచుకోవడమే. పక్క ఫైళ్లు చదవడానికి అనుమతి అడిగితే ఇవ్వండి.

అందరూ పొరపడేది ఈ పక్క ఫైళ్ల దగ్గరే. ఆ రోజుల్లో పాఠాన్ని ముక్కలుగా కోసేవారు. "మెయిన్" అనే చిన్న ఫైలు తెరుచుకుని, పక్క ఫోల్డర్లలోంచి ఒక్కో అధ్యాయాన్ని పిలుస్తుంది. మెయిన్ ఒక్కదాన్నే కాపీ చేసుకుంటే మొదటి బొమ్మ వచ్చి, "తరువాత" నొక్కగానే తెల్ల తెర. ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు, పేర్లు మార్చకుండా కాపీ చేయండి. స్కూలు వెబ్‌సైట్లో పెడితే ఇంకో చిక్కుంది. విండోస్‌కు ఇంగ్లీషు పెద్ద బడి, చిన్న బడి అక్షరాల తేడా పట్టదు కానీ లైనక్స్ సర్వర్‌కు పడుతుంది. మీ కంప్యూటర్లో నడిచిన పాఠం సైట్లో నడవలేదంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. తరువాత, సర్వర్ వెబ్ అసెంబ్లీ ఫైళ్లను (బ్రౌజర్‌లో రఫుల్‌ను నడిపించే కోడ్ అదే) సరైన రకంగా పంపుతోందో లేదో సైటు చూసే అబ్బాయిని అడగండి. రఫుల్ పెట్టిన వెబ్ పేజీని పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే నడవదు. దానికి ఏదో ఒక సర్వర్ కావాలి, కంప్యూటర్లోనే నడిచే చిన్నదైనా చాలు.

రఫుల్ అన్నిటినీ ఆడిస్తుందా అంటే, ఆడించదు. ఏది ఆడుతుందో ముందే కొంత తెలుసుకోవచ్చు. ఫైల్లోని ఒక్కో బైటునూ చూపించే హెక్స్ వ్యూయర్‌లో దాన్ని తెరవండి. మొదటి మూడు బైట్లు ఎఫ్‌డబ్ల్యూఎస్ అని ఉంటే మామూలు ఫైలు. సీడబ్ల్యూఎస్, జెడ్‌డబ్ల్యూఎస్ అని ఉంటే కుదించినది. నాలుగో బైటు వెర్షన్ నంబరు. అది 8 గానీ అంతకు తక్కువ గానీ అయితే లోపలున్నది పాత యాక్షన్‌స్క్రిప్ట్ (ఫ్లాష్‌లో ప్రోగ్రాం రాసే భాష), రఫుల్ దాదాపు ధీమాగా ఆడిస్తుంది. 9 గానీ అంతకు ఎక్కువ గానీ అయితే 2006లో వచ్చిన యాక్షన్‌స్క్రిప్ట్ 3 ఉండొచ్చు. అందులో చాలావి నడుస్తాయి, కొన్ని మొరాయిస్తాయి. 2008 నాటి సీడీలో రెండు రకాలూ కలిసే ఉంటాయి. మొరాయించిన వాటిని మూడు నాలుగు నెలలకోసారి కొత్త రఫుల్‌తో మళ్లీ చూడండి. చివర డీసీఆర్ ఉన్నవి షాక్‌వేవ్ ఫైళ్లు, అసలు వేరే జాతి. అడోబీ 2019 ఏప్రిల్ 9న ఆ ప్లేయర్‌ను ఆపేసింది, రఫుల్ వాటిని ముట్టదు.

ఇక తెలుగు అక్షరాలు. ఫ్లాష్‌లో కదలని అక్షరాలను బొమ్మ గీతల్లా ఫైల్లోనే దాస్తారు, కాబట్టి అవి ఎక్కడైనా సరిగ్గా వస్తాయి. ప్రోగ్రాం అప్పటికప్పుడు నింపే అక్షరాలకు, అంటే మార్కులకూ ప్రశ్నలకూ, ఫాంట్‌ను లోపల పొదగకపోతే అది మీ కంప్యూటర్లో వెతుకుతుంది. అప్పట్లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్ వాడింది తక్కువ, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లే ఎక్కువ. ఆ ఫాంట్ లేకపోతే మీకు కనిపించేది దాని వెనకున్న ఇంగ్లీషు గుర్తులు. సీడీలో ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉందేమో చూసి, అందులోని టీటీఎఫ్ ఫైళ్లను ఇన్‌స్టాల్ చేసి, డెస్క్‌టాప్ రఫుల్‌తోనే తెరవండి. బ్రౌజర్‌లో నడిచే రఫుల్‌కు మామూలుగా మీ ఫాంట్లు అందవు.

ఇంత తంటా ప్రతి పాఠానికీ అక్కర్లేదు. విద్యుత్ వలయాలు, లోలకం, కటకాల వంటివాటికి కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు చూడండి. 2002లో కార్ల్ వీమన్ మొదలుపెట్టిన ఆ ప్రాజెక్టు కూడా ఒకప్పుడు ఫ్లాష్, జావాల మీదే బతికింది. తరువాత ముఖ్యమైనవాటిని, ప్లగిన్ లేకుండా బ్రౌజరే ఆడించే హెచ్‌టీఎంఎల్5లో తిరగరాసింది. ఒక్కో సిమ్యులేషన్ ఒక్కటే ఫైలుగా దిగుతుంది, నెట్ లేకుండా నడుస్తుంది, కొన్నింటికి తెలుగు అనువాదమూ ఉంది. నిజం చెప్పాలంటే ఆ పాత సీడీల్లో సగం పాఠాలు ఊరికే కదిలే బొమ్మలు. ఫెట్‌లో పిల్లలు తీగ తెంపి చూడొచ్చు.

ప్రశ్న: దుకాణంలో సీసీ కెమెరాల డీవీఆర్ ఉంది. క్రోమ్‌లో దాని అడ్రసు కొడితే ప్లగిన్ డౌన్‌లోడ్ చేయమంటుంది. చేసి ఇన్‌స్టాల్ చేశాక కూడా మళ్లీ అదే మాట. మెకానిక్ ఆంటీవైరస్ ఆపేయమంటున్నాడు.
– మిర్చి వ్యాపారి, గుంటూరు

ఆంటీవైరస్ ఆపకండి, తప్పు దానిది కాదు. మీ డీవీఆర్ పేజీ పాత పద్ధతి ప్లగిన్ కోసం చూస్తోంది. 2015 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ 45తోనే ఆ పద్ధతి పోయింది. మీరు వందసార్లు ఇన్‌స్టాల్ చేసినా క్రోమ్‌కు అది కనిపించదు, అందుకే పేజీ వందసార్లూ అడుగుతుంది.

ఆ ప్లగిన్ నడిచే చోటు ఒక్కటే మిగిలింది, ఎడ్జ్‌లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్. ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15న సెలవిచ్చినా, ఈ మోడ్‌ను కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ మాటిచ్చింది. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ భాగానికి వెళ్లి, సైట్లను ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో మళ్లీ తెరిచే అనుమతిని "అలవ్" చేయండి. కిందనే ఉన్న పేజీల జాబితాలో డీవీఆర్ అడ్రసు ఒక్కటే చేర్చండి. ఎడ్జ్‌ను మూసి తెరిచి, ఆ అడ్రసుకు వెళ్లి, అక్కడ ఇచ్చిన ప్లగిన్ దించుకుని, ఎడ్జ్ కిటికీలన్నీ మూసేశాక ఇన్‌స్టాల్ చేయండి. మళ్లీ తెరిస్తే అనుమతి అడుగుతుంది, ఇవ్వండి. జాబితాలో చేర్చిన అడ్రసు 30 రోజులే ఉంటుంది. నెల తరువాత "మళ్లీ పోయింది" అని మెకానిక్‌ను పిలిచి డబ్బులివ్వకండి, తిరిగి చేర్చుకుంటే చాలు.

ఆ ఒక్క అడ్రసే ఎందుకంటున్నామంటే, యాక్టివ్ఎక్స్ ప్లగిన్ (ఎక్స్‌ప్లోరర్ వాడే రకం) మీ విండోస్ ఖాతాకు ఉన్న అధికారమంతటితోనూ నడుస్తుంది. మీ లెక్కల ఫైళ్లు తెరవగలదు, చెరపగలదు. డీవీఆర్ నుంచి గానీ, తయారీదారు సైటు నుంచి గానీ దించుకోండి. గూగుల్‌లో వెతికి దొరికిన మూడో సైటు నుంచి వద్దు.

ప్లగిన్ లేకుండానే కుదిరితే ఇంకా మేలు. డీవీఆర్‌కు కొత్త ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, ఉందేమో చూడండి. వీడియో సెట్టింగ్స్‌లో సబ్‌స్ట్రీమ్ (తక్కువ నాణ్యతతో వచ్చే రెండో వీడియో) కుదింపు పద్ధతిని హెచ్.265 నుంచి హెచ్.264కు మార్చండి. చాలా పరికరాల్లో ఆ ఒక్క మార్పుతో మామూలు బ్రౌజర్‌లోనే బొమ్మ వస్తుంది. అదీ కాదంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో మీడియా మెనూ, ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్, అందులో ఆర్‌టీఎస్‌పీ అడ్రసు (కెమెరా వీడియో నేరుగా వచ్చే అడ్రసు). పోర్టు సాధారణంగా 554, మిగతా భాగం కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది.

ఇంటి నుంచి చూడాలని రౌటర్‌లో పోర్టు, అంటే బయటి నెట్ నుంచి డీవీఆర్‌కు దారి, తెరిపించారా? తెరిపిస్తే ఇవాళే మూయించండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను పట్టుకునే పెద్ద పెద్ద సైట్లను పడగొట్టింది. మీ డీవీఆర్ పాస్‌వర్డ్ ఇంకా "అడ్మిన్" అనే ఉంటే, ప్లగిన్ గురించి ఆలోచించే ముందు దాన్ని మార్చండి.

ప్రశ్న: ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో సినిమా చూస్తుంటే "మీ ఫ్లాష్ ప్లేయర్ పాతది, అప్‌డేట్ చేయండి" అని వస్తోంది. చేయమంటారా?
– పాఠకుడు, తెనాలి

లేని వస్తువుకు అప్‌డేట్ ఏమిటి? అది నూటికి నూరుపాళ్లు మోసం. వీడియో ఆడించడం ఇప్పుడు బ్రౌజర్‌కే వచ్చు. యూట్యూబ్ 2015 జనవరిలోనే ఫ్లాష్‌ను వదిలి హెచ్‌టీఎంఎల్5ను మొదటి ఎంపికగా చేసుకుంది.

సైటు మూసినా ఆ కబురు మూలన వస్తూనే ఉంటే, ఎప్పుడో "అలవ్" నొక్కి నోటిఫికేషన్లకు ఒప్పుకున్నారన్నమాట. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ గుర్తుపట్టని పేర్లన్నీ తీసేయండి. ఆ ఫైలును ఇప్పటికే నడిపించి ఉంటే నెట్ ఆపి, విండోస్ సెక్యూరిటీలోని ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. వేరే ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ కొట్టండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.

ప్రశ్న: క్లయింట్ల జీఎస్టీ పనికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడతాను. ఎమ్‌సైనర్ పెట్టుకోమన్నారు. "ఫెయిల్డ్ టు ఎస్టాబ్లిష్ కనెక్షన్" అని వచ్చింది. 127.0.0.1:1585 తెరిచి, "నాట్ సేఫ్" అన్నా ముందుకు వెళ్లమని ఒకాయన చెప్పాడు, అలా చేస్తే పని అయింది. కానీ భయంగా ఉంది. ప్లగిన్ అయితే ఇంతకంటే నయం కాదా?
– ట్యాక్స్ కన్సల్టెంట్, విజయవాడ

మీ భయం న్యాయమైనదే, కానీ ఈ ఒక్కచోట అవసరం లేదు.

ఒకప్పుడు ఈ సంతకాలు జావా ఆప్లెట్‌తో, అంటే జావా ప్లగిన్‌లో నడిచే చిన్న ప్రోగ్రాంతో, జరిగేవి. బ్రౌజర్లు జావాను తీసేశాక, టోకెన్‌తో మాట్లాడేదెవరు? యూఎస్‌బీలో ఉన్న టోకెన్‌ను వెబ్ పేజీ నేరుగా ముట్టుకోలేదు, ముట్టుకోకూడదు కూడా. అందుకని ఎమ్‌సైనర్ మీ కంప్యూటర్లోనే ఒక చిన్న సర్వర్‌లా కూర్చుంటుంది. 127.0.0.1 అంటే బయటి ఊరు కాదు, మీ సొంత యంత్రమే. 1585 దాని తలుపు నంబరు. పోర్టల్ పేజీ ఆ తలుపు తట్టి, సంతకం చేయాల్సిన సమాచారం అందిస్తుంది. ఎమ్‌సైనర్ మీ పిన్ అడిగి, టోకెన్ చేత సంతకం చేయించి తిరిగిస్తుంది. మీ రహస్య కీ టోకెన్ దాటి బయటికి రాదు.

"నాట్ సేఫ్" హెచ్చరిక ఎందుకంటే, ఆ సర్వర్ తన సర్టిఫికెట్ తానే రాసుకుంది, బ్రౌజర్‌కు దాన్ని నమ్మే ఆధారం లేదు. మీ యంత్రం మీతోనే మాట్లాడుతోంది కాబట్టి మధ్యలో ఎవడో దూరే సమస్య ఇక్కడ లేదు. ఇదే అలవాటును బ్యాంకు సైటు దగ్గర చూపించారో, మునిగిపోతారు. 127.0.0.1కు మాత్రమే ఈ మినహాయింపు.

కనెక్షన్ కుదరనప్పుడు వరుసగా చూడాల్సినవి: ఎమ్‌సైనర్‌ను రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో తెరిచారా, ఇదివరకటి కాపీ ఇంకా వెనక నడుస్తూ అదే తలుపు పట్టుకుని కూర్చుందా, టోకెన్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో సర్టిఫికెట్ కనిపిస్తోందా, దాని గడువు దాటిందా. 2025 చివరి నుంచి వచ్చిన క్రోమ్‌లు, సైటు మీ లోకల్ నెట్‌వర్క్‌లోని పరికరాలతో మాట్లాడతానంటే విడిగా అనుమతి అడుగుతున్నాయి. తొందరలో "బ్లాక్" నొక్కితే ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఉపయోగం లేదు. అడ్రసు బార్ ఎడమ పక్క గుర్తు నొక్కి, ఆ అనుమతి మార్చండి.

జాగ్రత్త పడాల్సిన చోటు వేరే ఉంది. టోకెన్ గుచ్చి పిన్ కొట్టాక సంతకం చేయించుకోగల స్థితిలో మీ యంత్రం ఉంటుంది. పని అవగానే టోకెన్ పీకండి. రోజంతా గుచ్చి ఉంచి, పిన్ చీటీ మానిటర్‌కు అంటించే ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ భద్రత గురించి చర్చే అనవసరం. పిన్ వరుసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అయిపోతుంది. రెండుసార్లు తప్పితే ఆగి గుర్తు తెచ్చుకోండి.

ప్లగిన్ నయమా అన్నారు. కాదు. జావా ప్లగిన్ ఉన్నప్పుడు మీరు తెరిచే ఏ పనికిమాలిన సైటు అయినా జావాను పిలవగలిగేది. ఎక్కడైనా పాత టెండరు పోర్టల్ ఇంకా జావా 8 అడుగుతుంటే, కంట్రోల్ ప్యానెల్‌లో జావా, సెక్యూరిటీ, ఎడిట్ సైట్ లిస్ట్‌లో ఆ ఒక్క పోర్టల్ అడ్రసు చేర్చండి. వీలైతే ఆ పనికి వేరే పాత కంప్యూటర్ పెట్టి, అందులో మెయిల్ కూడా తెరవకండి.

ప్రశ్న: ఫ్లాష్ నిజంగా అంత ప్రమాదమా, లేక పెద్ద కంపెనీలు కావాలని చంపేశాయా?
– వెబ్ డిజైనర్, హైదరాబాద్

రెండూ. ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిల్‌లో ఐఫోన్‌లోకి ఫ్లాష్‌ను ఎందుకు రానివ్వడో బహిరంగ లేఖ రాసినప్పుడు అందులో వ్యాపారం లేదని ఎవరూ నమ్మలేదు. బ్యాటరీ, టచ్, భద్రత అంటూ ఆయన చూపిన లోపాలు మాత్రం ఉన్నవే.

అసలు లోపం పునాదిలో ఉంది. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ ప్లగిన్ల ఏర్పాటు చేసినప్పుడు వెబ్‌లో శత్రువులుంటారన్న ఊహే లేదు. ప్లగిన్ బ్రౌజర్ ప్రక్రియలోనే, మీ పూర్తి అధికారంతో నడిచేది. బ్రౌజర్ గోడలు దానికి వర్తించవు. దాని కుకీలు వేరు, బ్రౌజర్‌లో చరిత్ర చెరిపినా చాలాకాలం అవి చెదరలేదు. అప్‌డేట్ కూడా వేరే దారిలో వచ్చేది, జనం "తరువాత గుర్తుచెయ్" అని నొక్కేవారు. లోపం బయటపడిన రోజుకూ, మీ కంప్యూటర్లో అది పూడిన రోజుకూ మధ్య నెలలు గడిచేవి. దొంగలు బతికింది ఆ నెలల మీదే. 2013 జనవరిలో జావాలో బయటపడిన లోపానికి అమెరికా ప్రభుత్వ సైబర్ విభాగం బ్రౌజర్‌లో జావాను ఆపేయమనే చెప్పింది. 2015 జూలైలో హ్యాకింగ్ టీమ్ అనే ఇటలీ నిఘా కంపెనీ ఫైళ్లు బయటపడితే, వాటిలో అప్పటిదాకా ఎవరికీ తెలియని ఫ్లాష్ లోపాలు దొరికాయి. కొన్ని రోజులు ఫైర్‌ఫాక్స్ ఫ్లాష్‌ను తనంతట తానే ఆపేసింది.

ఇప్పుడు హెచ్‌టీఎంఎల్5, వెబ్ అసెంబ్లీ ఆ పనులన్నీ చేస్తాయి, బ్రౌజర్ గోడల లోపలే చేస్తాయి. కానీ బొమ్మ గీసే చేతికే ప్రోగ్రాం కూడా రాసిచ్చిన పనిముట్టు, మొత్తం ఆటను ఒక్క చిన్న ఫైల్లో కట్టి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకునే సుఖం, మళ్లీ అంత తేలిగ్గా రాలేదు. ఆ లోటు ఉందని ఒప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

ప్రశ్న: నా క్రోమ్‌లో స్క్రీన్‌షాట్, నిఘంటువు, కూపన్లు, వీడియో డౌన్‌లోడ్ అంటూ 14 ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. చాలావాటికి "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా మొత్తాన్ని చదవగలదు, మార్చగలదు" అని రాసి ఉంది. దీని అర్థం ఏమిటి?
– చీరల ఆన్‌లైన్ అమ్మకందారు, చీరాల

అక్షరాలా రాసిందే దాని అర్థం. మీరు బ్యాంకు పేజీ తెరిస్తే, పాస్‌వర్డ్ పెట్టెలో టైప్ చేసే ఒక్కో అక్షరాన్నీ ఆ కోడ్ చూడగలదు. బ్యాలెన్స్ అంకె మార్చి చూపించగలదు. చూస్తోందని కాదు, చూడగల తాళంచెవి దాని దగ్గర ఉంది.

ఇవాళ మంచి ఎక్స్‌టెన్షన్ రేపూ మంచిదే అన్న హామీ లేదు. ది గ్రేట్ సస్పెండర్ అని ఖాళీగా ఉన్న ట్యాబ్‌లను నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్ ఉండేది. మంచి పేరున్నది. 2020లో దాని తయారీదారు దాన్ని ఎవరికో అమ్మేశాడు, 2021 ఫిబ్రవరిలో గూగుల్ అందులో మాల్‌వేర్ ఉందని తీసేసింది. అమ్మిన సంగతి వాడేవాళ్లలో ఎంతమందికి తెలిసుంటుంది? 2024 డిసెంబరులో సైబర్‌హేవన్ అనే భద్రతా కంపెనీ ఎక్స్‌టెన్షన్‌కే ఈ గతి పట్టింది. ఉద్యోగికి క్రోమ్ స్టోర్ నుంచి వచ్చినట్టు దొంగ మెయిల్ వచ్చింది, ఆయన అనుమతి ఇచ్చాడు, దొంగలు క్రిస్మస్ రోజున విషం కలిపిన వెర్షన్ ఎక్కించారు. సుమారు ఒక రోజు పాటు అది తనంతట తానే జనం బ్రౌజర్లలోకి దిగింది. ఎవరూ ఏమీ నొక్కలేదు. అనుమతులు కొత్తగా పెరిగితేనే క్రోమ్ మిమ్మల్ని మళ్లీ అడుగుతుంది. ముందే "అన్ని సైట్లు" ఇచ్చేసి ఉంటే అడగడానికేముంది?

అడ్రసు బార్ పక్కన జిగ్‌సా ముక్కలాంటి గుర్తు నొక్కి "మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్"లోకి వెళ్లండి. మూడు నెలలుగా వాడనివి తీసేయండి. ఆపడం కాదు, రిమూవ్. కూపన్లు, వీడియో డౌన్‌లోడ్ రకాలు ముందు పోవాలి. మీరు ఎక్కడెక్కడ ఏం కొంటున్నారో చూడటమే కూపన్ ఎక్స్‌టెన్షన్ పని, దానికి తక్కువ అనుమతితో గడవదు. మిగిలినవాటిలో "డీటెయిల్స్" తెరిచి, సైట్ యాక్సెస్‌ను "ఆన్ క్లిక్"కు మార్చండి. స్క్రీన్‌షాట్, నిఘంటువు దాంతో హాయిగా నడుస్తాయి. మీరు గుర్తు నొక్కిన పేజీని మాత్రమే చూస్తాయి. అడ్డం తిరిగే ఎక్స్‌టెన్షన్ ఉంటే, దాని అవసరం ఎంతో మళ్లీ లెక్క వేసుకోండి.

బ్యాంకుకు, అమ్మకాల ఖాతాకు క్రోమ్‌లోనే ఇంకో ప్రొఫైల్ తెరవండి. ఎక్స్‌టెన్షన్లు ప్రొఫైల్‌కు వేరువేరుగా ఉంటాయి, కొత్తదాంట్లో ఒక్కటీ పెట్టకండి. అర్జెంటైతే ఇన్‌కాగ్నిటో కిటికీ కూడా పనికొస్తుంది, మీరు విడిగా ఒప్పుకుంటే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు నడవవు.

ప్రకటనలు ఆపేది మాత్రం ఒకటి ఉంచుకోండి, దొంగ అప్‌డేట్ బటన్లు వచ్చేది ఎక్కువగా ప్రకటనల్లోంచే. 2025లో క్రోమ్ పాత రకం ఎక్స్‌టెన్షన్లను ఆపేశాక యూబ్లాక్ ఆరిజిన్ బదులు దాని లైట్ రూపమే అక్కడ నడుస్తోంది. ఫైర్‌ఫాక్స్‌లో అసలుది ఇంకా ఉంది.

ప్రశ్న: ఈనాడు పాత పేజీలు చదవడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అని ఒకటి ఉండేది. డిజిటల్ లైబ్రరీ పుస్తకాలకు ఇంకేదో ప్లగిన్. అవి ఇప్పుడు దొరుకుతాయా?
– విశ్రాంత గ్రంథపాలకుడు, రాజమహేంద్రవరం

పద్మ తెలుగువాళ్లకు ఎంతో ఉపకారం చేసిన ఎక్స్‌టెన్షన్. పత్రికలు తమ సొంత ఫాంట్లలో పెట్టిన పేజీలను అది అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత ఎక్స్‌టెన్షన్ల పద్ధతినే ఎత్తేసింది, దాంతో ఆనాటి పద్మ ఆగింది. పాత ఫైర్‌ఫాక్స్ తెచ్చుకుని దాంతో నెట్‌లో తిరగకండి. అప్పటి పేజీలు మీ దగ్గర సేవ్ చేసి ఉంటే, పాఠ్యాన్ని కాపీ చేసి, ఆ ఫాంట్‌ను యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్‌లో వేసుకోవడం సులువు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాల పుటలు టిఫ్ బొమ్మలు. చాలా బ్రౌజర్లు టిఫ్ చూపించవు కాబట్టి ఆల్టర్నాటిఫ్ అనే ప్లగిన్ కావాల్సి వచ్చేది. ఇప్పుడు దాని అవసరం లేదు. ఆ పుస్తకాల్లో చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. వెతికేటప్పుడు పేరును తెలుగులో కాక ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు మూడు స్పెల్లింగులతో కొట్టి చూడండి. అక్కడ పేర్లు ఎక్కించిన తీరు అలాగే ఉంది. మీ దగ్గర టిఫ్ పుటలు మిగిలి ఉంటే ఇర్ఫాన్‌వ్యూ అనే బొమ్మలు చూపే ప్రోగ్రాం తెరుస్తుంది.

ప్రశ్న: ఫైర్‌ఫాక్స్‌లో ఓటీటీ తెరిస్తే డీఆర్ఎమ్ ఆన్ చేయమంటోంది. అదీ ప్లగినేనా? ఫోన్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టే దారి ఉందా?
– డిగ్రీ విద్యార్థి, నిజామాబాద్

డీఆర్ఎమ్ అంటే వీడియోను కాపీ కొట్టకుండా వేసే తాళం, దాన్ని తీసి చూపించేది వైడ్‌వైన్. దాన్ని ఫైర్‌ఫాక్సే దించుకుని, గోడల మధ్య విడిగా నడిపించి, తనే అప్‌డేట్ చేస్తుంది. ఆన్ చేయొచ్చు. వద్దనుకుంటే ఓటీటీ వీడియోలు రావు, అంతకు మించి నష్టం లేదు. అదే పేరుతో ఏదైనా సైటు ఒక ఫైలు దించుకోమంటే మాత్రం దించకండి.

ఆండ్రాయిడ్ ఫోన్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు లేవు. ఫైర్‌ఫాక్స్‌లో 2023 డిసెంబరు నుంచి విస్తృతంగా దొరుకుతున్నాయి. ఒకటి, రెండు చాలు.